రాజనర్సు వంతు

పాల్, సూరత్
డిసెంబరు మొదటి సోమవారం

శ్రీ రాజనర్సు గారికి,

నమస్కారం. మన పాల్ టెన్నిస్ మిత్రమండలిలో మీరు సభ్యులుగా చేరినందుకు చాలా సంతోషం. నేను ఈ మండలి కార్యదర్శిని. పేరు వసంతలక్ష్మి. హజీరాలో ఇంజనీర్లుగా పనిచేసిన నలుగురు తెలుగువాళ్లు తుమ్మపొదలు కొట్టించి, ఒకే ఒక్క మట్టికోర్టు వేసుకుని పెట్టిన క్లబ్బు ఇది. ఆ నలుగురిలో మావారు సత్యనారాయణ గారు ఒకరు. ఇప్పుడు గుజరాతీలు, మరాఠీలు కూడా మనతో ఉన్నారు.

మీకు పల్సానాలో మగ్గాల షెడ్డు ఉందనీ, ఈమధ్యే మా పక్కవీధిలో ఫ్లాట్ తీసుకుని వచ్చారనీ విన్నాను. మీ దగ్గర పనివాళ్లు చాలామందే ఉంటారు. మాకు మాత్రం ఒక్కరూ లేరు. తోటమాలి లేడు, కాపలావాడు లేడు. ఇక్కడ ఆడేవాళ్లే ఊడ్చేవాళ్లు. వారానికొకరి వంతు. ఎవరి వంతు వాళ్లే చేయాలి. బదులుగా మనిషిని పంపడం కుదరదు.

ఈ శనివారం మీ వంతు. పొద్దున్నే వచ్చి కోర్టు శుభ్రం చేసి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు వేయాలి. నెట్ కూడా మాటిమాటికీ పడిపోతోంది. దయచేసి దాని సంగతి చూడగలరు.

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటా అనుకుంటారేమో. ఇదివరకు మాకు వాట్సాప్ గ్రూపు ఉండేది. బంతుల డబ్బా ఎవరు ఇంటికి పట్టుకెళ్లారన్న చర్చ అందులో మొదలై, ఎక్కడెక్కడికో పోయి, ఇద్దరు సభ్యుల పిల్లలకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. అప్పుడు అందరం కూర్చుని తీర్మానం చేశాం. క్లబ్బు విషయం ఏదైనా కాగితం మీద రాసి గేటు పక్కనున్న డబ్బాలో వేయాలి. డబ్బాదాకా నడిచేలోపు సగం కోపం దిగిపోతుందని మా నమ్మకం.

ఇట్లు,
వసంతలక్ష్మి, కార్యదర్శి

తా.క. కోర్టులోకి తెల్లబట్టలతోనే రావాలి.

తా.క. మళ్లీ. రోలరు ఒక్కరే నెట్టకండి. దానికి బ్రేకులుండవు. మావారు ఒకసారి దాని వెనకాలే తాపీ నదివైపు చాలా దూరం వెళ్లారు.

•

పాల్
బుధవారం

వసంతలక్ష్మి మేడం గారికి,

రాజనర్సు దండం పెట్టి రాసేది. మీ ఉత్తరం అందింది. నేను రెండుసార్లు చదివిన. మా ఇంటామె సారక్క ఒక్కసారే చదివి, "గిది క్లబ్బా, అత్తగారిల్లా?" అన్నది.

మేడం, నేను సిరిసిల్ల దిక్కుకెళ్లి వచ్చినోన్ని. మస్తు ఏండ్లు లింబాయత్‌ల ఒకరి మగ్గం మీద నిలబడ్డ. సొంత షెడ్డు పెట్టినంక కూసునుడు ఎక్కువైంది, షుగర్ వచ్చింది. డాక్టరు ఉరుకుమన్నడు. ఊకె రోడ్డు మీద ఉరికితే ఎవడో తరుముతున్నడు అనుకుంటరు. బంతి ఎనుక ఉరికితే ఇజ్జత్ ఉంటదని మీ క్లబ్బుల చేరిన.

శనివారం గురించి మీరు రంది పెట్టుకోకుండ్రి. కోర్టు మొత్తం నేనే ఊకుత. ఇంకెవలు అక్కరలేదు. నెట్ పడిపోతుందన్నరు గదా, గది కూడ నాకిడిసిపెట్టుండ్రి. మా చుట్టాలాయనకు గదే పని. మల్ల జన్మల పడకుంట పెట్టిపిస్త.

ఇట్లు,
మీ మెంబరు రాజనర్సు

తా.క. తెల్లబట్టలు అన్నరు. మా మేనల్లుని పెండ్లికి కుట్టిపిచ్చిన లాల్చీ, ధోతి ఉన్నయి. నడుస్తదా?

•

పాల్
గురువారం

రాజనర్సు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చూసి నాకు మతిపోయింది. "కోర్టు మొత్తం నేనే ఊకుత, ఇంకెవరూ అక్కర్లేదు" అని రాశారు. ఊరుకుంటానని ఇంత ధైర్యంగా రాసిచ్చిన సభ్యుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. మిగతావాళ్లు కనీసం నడుంనొప్పి అని అబద్ధమన్నా చెబుతారు. పైగా ఇంకెవరూ అక్కర్లేదట! ఊరుకోవడానికి సాయం కూడా ఎందుకు లెండి.

మీరు ఊకుంటే రాలిన ఆకులు వాటంతటవే లేచి వెళ్లవు. శనివారం ఉదయం నేను స్వయంగా వచ్చి చూస్తాను.

ఇట్లు,
వసంతలక్ష్మి, కార్యదర్శి

తా.క. మీ ఉత్తరం మావారికి చూపించాను. "పోనీలే, ఉన్నమాట చెప్పాడు" అన్నారు. ఆయన ఎప్పుడూ ఇంతే.

తా.క. మళ్లీ. ధోతీ నడుస్తుంది, పరిగెత్తదు.

•

పాల్
శనివారం సాయంత్రం

మేడం గారికి,

దండాలు. మీరు ఎందుకు కోపానికొచ్చిన్రో నాకు సమజ్ కాలే. సారక్కకు సమజైంది. మా దిక్కు ఊకుడంటే చీపురు పట్టుకొని ఊకుడు. మీరు దాన్నే ఊడ్చుడు అంటరట. మీ దిక్కు ఊకుంట అంటే కాళ్లు జాపుకొని కూసునుడట. ఒక్క తెలుగుల గింత ఫరకున్నదని నాకు తెల్వది. మీ ఉత్తరం చదివినంక కోర్టు రెండుసార్లు ఊకిన. ఒకసారి వంతుకు, ఒకసారి మీ భయానికి. మీరు వచ్చేటాళ్లకు మేం పోయినం, షెడ్డుల దారం బండి వచ్చిందని ఫోనొచ్చింది.

నీళ్లు చల్లిన. సున్నం గీతలు మాత్రం నాతోని కాలే. పాము పోయినట్టు పోయినయి. సారక్క చూసి చూసి, "జరుగు" అని డబ్బా గుంజుకున్నది. తామరపూల ముగ్గు ఏసింది. కోర్టు నిండ వచ్చింది, మీరు చూసే ఉంటరు. మనిషిని పంపొద్దని రూలున్నది గదా అంటరేమో. నేను ఆమెను పంపలే మేడం. ఆమెనే నన్ను పంపింది.

నెట్ కూడ అయిపోయింది. గేటు కంభానికి తెల్లడబ్బా పెట్టిపిచ్చిన. మస్తు స్పీడు. సినిమా ఆగకుంట నడుస్తది. అందరికి యాదికుండాలని పాస్‌వర్డు మీ పేరే పెట్టిన.

ఇట్లు,
రాజనర్సు

తా.క. లాల్చీ, ధోతి మీద గేటు కాడ నిలబడితే ఒకామె వచ్చి దండం పెట్టి, డ్రైనేజీ పొంగుతుందని అర్జీ ఇచ్చింది. నేను లీడర్‌ను కాదమ్మా అంటే వినలే. తీసుకుపోయి కార్పొరేషన్ ఆఫీసుల ఇచ్చిన. నా బట్టలు చూసి వాళ్లు కూడ లేచి నిలబడ్డరు. సోమవారం మనిషిని పంపుతరట.

•

పాల్
ఆ తరువాతి మంగళవారం

రాజనర్సు గారికి,

నమస్కారం. "ఊకుత" విషయంలో తప్పు నాదే. మన్నించండి. కోర్టు అద్దంలా ఉంది.

ఇక ముగ్గు. మీ ఆవిడ చేయి బంగారం, అందులో సందేహం లేదు. కానీ గీతలు వేసేది బంతి లోపల పడిందో బయట పడిందో తెలియడానికి. తామర రేకు మీద పడిన బంతి లోపలిదా బయటిదా అని చెప్పే నియమం ఏ దేశంలోనూ లేదు. ఆ రోజు ముగ్గు తొక్కడానికి ఎవరికీ మనసొప్పలేదు. అందరూ చుట్టూ నిలబడి ఫొటోలు తీసుకుని, టీ తాగి ఇళ్లకు వెళ్లారు.

నెట్ అంటే నేను చెప్పింది కోర్టుకు అడ్డంగా కట్టే వల! మీరు పెట్టించిన నెట్ వల్ల క్లబ్బుకు జనం పెరిగారు. కానీ ఆట తగ్గింది. అందరూ గోడవారగా తలలు వంచుకుని కూర్చుంటున్నారు. మా పెద్ద సభ్యులు హస్ముఖ్‌భాయ్ నిన్న రాకెట్ పట్టుకుని వచ్చి, సీరియల్ రెండు భాగాలు చూసి, "ఈరోజు ఆట బాగుంది" అని వెళ్లిపోయారు. దారినపోయే వాళ్లందరూ మావారిని ఆపి, "వసంతలక్ష్మిలో పెద్ద వీ-నా, చిన్న వీ-నా?" అని అడుగుతున్నారు. ఆయనకు ఇది ఏమాత్రం నచ్చడం లేదు.

అసలైన వల సంగతి చూడండి. దారంతో చేసింది, ఈ కంభం నుంచి ఆ కంభం దాకా ఉండాలి, పైన తెల్లటి పట్టీ ఉంటుంది. అలాగే ఆదివారం టీ వంతు కూడా మీదే. తినడానికి ఏదైనా సాదాగా చాలు. హస్ముఖ్‌భాయ్ జైనులు. ఉల్లి, వెల్లుల్లి, నేల లోపల పండేవి ముట్టరు. ఎవరి కప్పు వాళ్లే కడుక్కోవడం మన ఆచారం.

ఇట్లు,
వసంతలక్ష్మి

తా.క. డ్రైనేజీ మనిషి నిజంగానే వచ్చాడు. ఆ కాలువ కోసం మా క్లబ్బు చాలాకాలంగా తిరుగుతోంది. ఆ లాల్చీ జాగ్రత్తగా దాచుకోండి.

•

పాల్
ఆదివారం రాత్రి

మేడం గారికి,

దండాలు. వల అని ముందుగాల్నే చెప్పొద్దా! దారం పనోన్ని పట్టుకొని గంత భయపడ్డరు. మీ పాత వల చూసిన. దాని నిండ బొక్కలే. గందుకే బంతులు అవుతలికి పోతున్నయి అనుకున్న. షెడ్డుల ఒక మగ్గం ఖాళీ చేసి, ఒక్క బొక్క లేకుంట గట్టిగ నేసిన. పైన తెల్లపట్టీ అన్నరు. బోడిగ ఎందుకని రెండు దిక్కుల జరీ అంచు పెట్టిన. పొద్దున కట్టినం, ఎండకు తళతళ మెరుస్తుంది.

టీ సంగతి. సారక్క సర్వపిండి చేసింది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఏయలే. అన్నీ కాల్చి పెట్టినంక ఆమెకు యాదికొచ్చింది, పల్లీలు కూడ నేలల్నే పండుతయని. ఇగ హస్ముఖ్‌భాయ్ కోసం పెట్టిన సర్వపిండిల నుంచి నేనొక దిక్కు, ఆమె ఒక దిక్కు కూసొని ఒక్కొక్క పల్లీ ఏరినం. జల్లెడ లెక్క అయింది. పెద్దమనిషి ముంగట పెడితే అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. "ఇందులో పల్లీలు ఏవి? పక్కాయన పళ్లెంలో ఉన్నాయి కదా?" అన్నడు. నేల లోపలివి గదా సేఠ్ అంటే, "అరే భాయ్, పల్లీలు నేను రోజూ తింటా!" అని పక్కాయన పళ్లెం గుంజుకున్నడు.

మేడం, ఒక్క మాట. ఇన్నేండ్లు సూరత్‌ల ఉన్న. ఎవలింట్ల కూసున్నా సేఠ్ గానో, మగ్గం నడిపే కారీగర్ గానో కూసున్న. ఇయ్యాల అందరితోని కలిసి నల్లా కాడ నిలబడి కప్పు కడుగుతుంటె, సత్యనారాయణ సారు నాకు సబ్బు అందిచ్చిండు. మనసుకు మంచిగనిపించింది.

ఇట్లు,
రాజనర్సు

తా.క. ఆ జల్లెడ సర్వపిండి ఎవలు తినలే. నేనే తిన్న. షుగర్‌కు మంచిదన్నది సారక్క.

•

పాల్
జనవరి, పతంగుల పండగ అయిన వారం

రాజనర్సు గారికి,

నమస్కారం. మీరు నేసిన వల ఊరంతా చూసిపోతోంది. పక్క అపార్ట్‌మెంటు ఆడవాళ్లు ఇద్దరు వచ్చి, దీని మీదికి జాకెట్టు గుడ్డ వస్తుందా అని అడిగారు. చిక్కల్లా ఏమిటంటే, దాని వెనక ఎవరున్నారో కనబడరు. మొన్న మావారు చాలాసేపు సర్వీసు చేసి, ఒక్క బంతీ తిరిగి రాకపోయేసరికి గెలిచానని సంబరపడ్డారు. అవతలివైపు ఆయన ఫోన్ వస్తే ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయాడట. అందుకని పోటీలకు పాత వలే కడదాం. ఆ బొక్కలు ఉండాల్సినవే. మీది మీ దగ్గర భద్రంగా ఉంచండి.

అసలు సంగతి. ఫిబ్రవరి మొదటి ఆదివారం కతర్‌గామ్ వాళ్లతో మన కప్పు మ్యాచ్. వాళ్లందరూ వజ్రాల పనిలో ఉన్నవాళ్లు, చూపు మహా పదును. కప్పు ఏళ్ల తరబడి వాళ్ల దగ్గరే ఉంది. ఈసారి ఆఖరి ఆట మావారు ఆడతారు.

మనకు అంపైరు ఉండడు. వంతు ఉన్న సభ్యుడు గీత పక్కన నిలబడి, లోపలో బయటో చెప్పాలి. ఈసారి ఆ వంతు మీది. దీనికి మా ఆచారం ఒక్కటే. అనుమానం వస్తే పాయింటు ఎదుటివాళ్లకి ఇచ్చేయాలి. బంతి ఎవరిదన్నది చూడకూడదు, ఎక్కడ పడిందన్నదే చూడాలి. క్లబ్బు పెట్టిననాడు ఈ మాట రాసింది మావారే. గేటు లోపల పలక మీద ఆయన చేతిరాతే ఉంటుంది, చూడండి.

ఇట్లు,
వసంతలక్ష్మి

తా.క. కప్పు పెట్టడానికని మావారు హాల్లో అద్దాల బీరువా అర ఖాళీ చేయించారు. నా బొమ్మలన్నీ ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉన్నాయి. కప్పు వస్తే తప్ప వాటికి దిగే దారి లేదు.

•

పల్సానా, షెడ్డు నుంచి
ఫిబ్రవరి, మ్యాచ్ అయిన మరునాడు

మేడం గారికి,

దండాలు. నిన్న మీరు ఏం మాట్లాడకుంటనే పోయిన్రు. నేను కూడ మిమ్ముల మొకం ఎత్తి చూడలే. కమిటీ వాళ్లు నన్ను సంజాయిషీ రాసియ్యమన్నరు. అందుకు రాస్తున్న.

ఆఖరి ఆట. చెరి సమానంగున్నది. ఆఖరి బంతి. సారు మస్తు జోరుగ కొట్టిండు. బంతి నా ముంగటికే వచ్చింది. గీత దాటి, బెత్తెడు అవుతల పడ్డది. సున్నం లేవలే. నా నోట్లకెళ్లి "అవుట్" అని వచ్చేసింది.

సారు నా దిక్కు చూసిండు. "ఏమన్నావు?"

"అవుట్ సారూ."

"ఇంకోసారి చూసి చెప్పు."

"బంతి పోయింది గదా సారూ. ఇప్పుడు చూస్తే ఉత్త నేలనే కనవడ్తది."

గప్పుడు కతర్‌గామ్ ఆయన వల కాడికి వచ్చి, "పోనీ భాయ్, పెద్దాయన, పాయింట్ ఆయనకే ఇచ్చేయండి, మాకేం బాధ లేదు" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేనే వద్దన్న. మీరిచ్చినా నేను ఇయ్య, బంతి అవుతల పడ్డది అన్న. చప్పట్లు కొట్టే చేతులు అట్లనే ఆగినయి. సారు రాకెట్ సంచిల పెట్టుకొని పోయిండు. కప్పు కతర్‌గామ్ బండెక్కింది. హస్ముఖ్‌భాయ్ నా భుజం మీద చెయ్యేసి, "ఒక్క బంతి, రాజుభాయ్, ఒక్క బంతి ఇస్తే ఏం పోయేది?" అన్నడు.

నాకు అనుమానం వస్తే ఎదుటోళ్లకే ఇత్తు. అనుమానమే రాలే మేడం. బంతి ఎవలదో చూడొద్దన్నరు, చూడలే. సబ్బు అందిచ్చిన మనిషిదని చూస్తే నా నోరు పెగలకపోవు. మెంబర్ల నుంచి తీసేస్తరని విన్న. తీసేస్తే తీసేయిండ్రి. తప్పు చెప్పిన అని మాత్రం రాయకుండ్రి.

ఇట్లు,
రాజనర్సు

తా.క. కోపం దిగుతదేమో అని నిన్న రాత్రి ఇంటి నుంచి డబ్బా దాక మూడుమాట్ల నడిచిన. దిగలే. చెప్పు తెగింది.

•

పాల్
ఫిబ్రవరి, మూడో సోమవారం

తమ్ముడు రాజనర్సుకి,

ఇది కార్యదర్శి రాస్తున్న ఉత్తరం కాదు. అక్క రాస్తోంది అనుకో.

ముందు సమావేశం సంగతి. నిన్ను తీసేయాలన్నవాళ్లు సగం, వద్దన్నవాళ్లు సగం తేలారు. అలాంటప్పుడు కార్యదర్శి మాటే చివరిది. అందరూ నావైపు చూశారు. మావారు కిటికీవైపు చూశారు. నేను లేచి, "ఆ గీత వెనక కుర్చీలో కూర్చున్నది నేనే. బంతి బయట పడింది. రాజనర్సు సభ్యుడిగా ఉంటాడు" అన్నాను. మావారు లేచి వెళ్లిపోయారు. ఇంటికి వెళ్లేసరికి తలుపు గడియ పెట్టలేదు, అంతవరకు దయ.

ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడడం లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో కోపాలు వచ్చాయి, కేకలు వచ్చాయి, ఈ నిశ్శబ్దం రాలేదు. నేనుగా పలకరిస్తే పేపరు అడ్డం పెట్టుకుంటున్నారు. నిన్న క్లబ్బు డబ్బా తెరిస్తే ఒక కాగితం ఉంది. "కార్యదర్శి గారికి, ఇంట్లో గీజరు పనిచేయడం లేదు. తగు చర్య తీసుకోగలరు. ఇట్లు, ఒక సభ్యుడు."

నవ్వకు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

దీనికి తోడు ఇంకోటి. రోజూ తెల్లవారేసరికి రాకెట్ సంచి స్కూటరుకు తగిలించుకుని వెళ్లిపోతున్నారు. క్లబ్బుకైతే రావడం లేదు. తిరిగొచ్చేసరికి బూట్లనిండా మట్టి, మొహంలో ఏదో వెలుగు. టిఫిన్ పెడితే ఆకలి లేదన్నట్టు చెయ్యి ఊపుతారు. ఎక్కడో తిని వస్తున్నారు. కతర్‌గామ్ వాళ్ల క్లబ్బులో చేరిపోయారని హస్ముఖ్‌భాయ్ అనుమానం. అదే నిజమైతే ఆయన చేత్తో పెట్టిన క్లబ్బుకి నేనే ఆయన్ని దూరం చేసినట్టు. నిజం చెప్పినందుకు బాధలేదు తమ్ముడూ. ఆయన ఇక రారేమోనన్నదే బాధ.

నువ్వు సరుకు పని మీద ఊరంతా తిరుగుతావు. కాస్త వాకబు చేసి చెప్పు.

ఇట్లు,
అక్క వసంతలక్ష్మి

తా.క. గీజరు బాగుచేయించాను. జవాబు డబ్బాలోనే వేశాను. "చర్య తీసుకోబడినది" అని.

•

పల్సానా
గురువారం

వసంతక్కకు,

తమ్ముడు రాజనర్సు కాళ్లు మొక్కి రాసేది. నువ్వు బుగులు పడకు. సారు కతర్‌గామ్ పోతలేడు. దినాం మా షెడ్డుకే వస్తున్నడు.

చెప్పొద్దని నాతోని మాట తీసుకున్నడు. గని క్లబ్బు సంగతి ఏదున్నా కాగితం మీద రాయాలని సారు కూడ ఒప్పుకున్న తీర్మానమే గదా. గందుకు రాస్తున్న.

మీ సమావేశం అయిన తెల్లారి షెడ్డు గేటు కాడ స్కూటర్ ఆగింది. సారు లోపటికి వచ్చి ఏందో అంటున్నడు. మగ్గాల చప్పుడుల నాకొక్క ముక్క వినవడ్తలేదు. నేను "ఏంది సారూ?" అని ఒర్రుతున్న, ఆయన ఇంకింత గట్టిగ ఒర్రుతున్నడు. గప్పుడే కరెంటు పోయింది. మగ్గాలన్ని ఒక్కసారి ఆగినయి. ఆ సప్పుడు లేని షెడ్డుల సారు గొంతు ఒక్కటే మోగింది. "ఆ బంతి లోపలే పడింది!" కారీగర్లందరు ఏ బంతి, ఏడ పడ్డది అని కిందికి మీదికి ఎతుకుడు మొదలుపెట్టిన్రు.

సారక్క షెడ్డు వాకిట్ల ఊకుతున్నది. చీపురు కింద పెట్టి, "లొల్లి ఎందుకన్నా? గీతలు గీస్త, మల్ల కొట్టి చూపియ్యి" అన్నది. షెడ్డు ఎనుక జాగల ముగ్గుపిండితోని గీతలు గీసింది, ఈసారి తామరపూలు లేవు. నేను నేసిన జరీ వల మా దగ్గరనే ఉండె గదా, అది కట్టినం. సారు అదే బంతి, అదే జోరుతోని కొట్టిండు. అవుతల పడ్డది. "గాలి" అన్నడు. మల్ల కొట్టిండు. అవుతల పడ్డది. "బూటు జారింది" అన్నడు. కొడ్తనే ఉన్నడు, పడ్తనే ఉన్నది. బంతులు ఏరి ఏరి సారక్కకు యాష్టకొచ్చింది. సారు సంచిల ఇంకో రాకెట్ ఉంటే తీసుకొని, వచ్చిన బంతిని వచ్చినట్టె వాపస్ కొట్టింది. సారు అట్లనే నిలబడ్డడు. "అమ్మా, ఇంకోసారి కొట్టు" అన్నడు.

అక్కడికెళ్లి దినాం వస్తున్నడు. ఆమెకు నేర్పుతున్నడు. ఆడినంక జొన్నరొట్టె, పచ్చిపులుసు మాతోనే తింటున్నడు. ఎవలి గిన్నె వాళ్లే కడుగుడు మా దగ్గర కూడ పెట్టిండు.

ఇంట్ల చెప్పరాదా సారూ అని నేను ఎన్నిమాట్లనో అన్న. "ఆమెతో మాట్లాడాలంటే ముందు ఆమె చెప్పింది నిజమని ఒప్పుకోవాలి కదయ్యా" అని తల వంచుకున్నడు.

నిన్నటి ముచ్చట చెప్త. సారు, సారక్క ఆడుతున్నరు. చెరి సమానంగున్నది, ఆఖరి బంతి. సారు కొట్టిండు. నేను దారం బండి కాడ ఉన్న. సారక్క కండ్లల్ల ఎండ పడ్డది, బంతి లోపలనే పడ్డదనుకొని, "నువ్వే గెలిచినవన్నా" అన్నది. సారు వచ్చి గీత కాడ వంగి చూసిండు. నడుము మీద చెయ్యి పెట్టుకొని లేచి, "అవుట్" అన్నడు. ఎవలు అడగలే అక్కా. ఆయనకాయనే అన్నడు.

నల్లా కాడ గిన్నె కడుక్కుంట నా దిక్కు చూడకుంట అన్నడు, "రాజనర్సూ, ఆ రోజుది కూడా."

"ఏది సారూ?"

"అదేనయ్యా. అదే."

నేను సబ్బు అందిచ్చిన.

సారక్క మీ క్లబ్బుల మెంబరు అయితనంటున్నది. వచ్చే ఏడు కతర్‌గామ్ మీదికి సారు, సారక్క జోడీగ పోతరట. నేను గీత కాడ నిలబడుడు వద్దని ఇద్దరు ఒక్క మాట మీద ఉన్నరు.

ఇట్లు,
నీ తమ్ముడు రాజనర్సు

తా.క. రేపు సారు నీతోని మాట్లాడుతడు. ఆయన మొదలుపెట్టేదాక నువ్వు ఏం అనకు, మస్తు తయారై వస్తున్నడు. ఇయ్యాల పొద్దున షెడ్డుల రెండుసార్లు చెప్పి చూసుకున్నడు. నువ్వు నిలబడే తాన మా మగ్గమాయన సదానందంను నిలబెట్టినం. కొంగు లెక్క భుజం మీద తువ్వాల ఏసుకున్నడు. మొదటిసారి చెప్తే సదానందం క్షమించలే, మొకం తిప్పుకున్నడు. రెండోసారికి క్షమించిండు. నువ్వు మాత్రం మొదటిసారికే క్షమించు అక్కా. రెండోసారి చెప్పేటప్పుడు సారు ఏడ్చిండు, ఆయన్ను చూసి సదానందం ఏడ్చిండు, ఇయ్యాల షెడ్డుల మగ్గాలు చానాసేపు నడవలే.